మడిచిన టేపు కొస

చచ్చిన కార్డును బతికించమని నా దగ్గరికి రోజూ ఎవరో ఒకరు వస్తారు. మంచి కార్డును పనిచెయ్యకుండా చూడమని వచ్చినవాడు కనిమెత్ ఒక్కడే.

మా కొండల పట్నం నారిన్ బజారులో చెప్పులు కుట్టే ముసలాయనకీ, గొర్రెతోళ్ళ కొట్టుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది నా దుకాణం. పాత లాప్‌టాపుల పని, అందులోనూ ఎక్కువగా నెట్ కార్డుల పని. రష్యాకి కూలికి పోయినవాళ్ళు అక్కడెవరో వాడి వదిలేసిన లాప్‌టాపులు కొని ఇంటికి పంపుతారు. వాటిలో ముందుగా పోయేది గాలిలోంచి లైను పట్టే కార్డే. మొగుడి మొహం చూడటానికి పంపిన పెట్టె ఆ మొహం చూపించకపోతే ఇక దాన్ని పీటగా వేసుకోవడమే. అందుకే మా కొండల్లో ఆడవాళ్ళు డాక్టరు కోసం ఆగుతారేమో గాని నా కోసం ఆగరు. నాది నోటి దురుసు. అయినా వేరే దిక్కు లేక వస్తారు.

ఆ పొద్దున కనిమెత్ వచ్చి, సారీ-కుంగోయ్ అనే ఊళ్ళో తన వదిన లాప్‌టాపుకి కార్డు వెయ్యాలి, ఇప్పుడే రమ్మన్నాడు. మంచు పడుతోంది, రానుపొమ్మన్నాను. అతను కదల్లేదు. టోపీ తీసి చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆ చలిలో మా దగ్గర ఏ మగవాడూ టోపీ తియ్యడు. ఇంకేమీ అడక్కుండా సంచి సర్దుకున్నాను.

ఊరు దాటాక కారులో చెప్పాడు. అతని అన్న జిర్గల్, ఉరల్ కొండల అవతల ఏదో నగరంలో మేడలు కట్టే చోట పరంజా మీదనుంచి పడి చనిపోయాడు. శవం విమానంలో రావాలి. వదిన బురుల్‌కి ఇంకా తెలియదు.

చావు కబురు చల్లగా చెప్పడమంటే లోకంలో అది దెప్పుమాట. మా కొండల్లో అది పెద్దల బాధ్యత. భర్త పోయాడని ఆడమనిషికి దారిన పోయేవాడు చెప్పకూడదు, ఫోను అసలే చెప్పకూడదు. పెద్దలు కూడి రావాలి. ఆమె పుట్టింటివాళ్ళు రావాలి. ఇద్దరు ఆడవాళ్ళు ఆమెకి చెరోపక్కా కూర్చున్నాక, డేగ ఎగిరిపోయిందనో, చెరువు ఎండిపోయిందనో తిప్పి తిప్పి చెబుతారు. పడేవాళ్ళను పట్టుకునే చేతులు సిద్ధంగా ఉంటేనే మాట వదలాలి.

బురుల్ తండ్రి చోరోబెక్ ఊరు కనుమకి అవతల. దారి మీద మంచు కూరుకుపోయి ఉంది. దాన్ని తోసే బండి బయలుదేరింది, దాని వెనకాలే ఆయనా వస్తున్నాడు. అంతవరకూ ఆమెకి తెలియకూడదు. ఎవరి ఏడుపూ చెవిన పడకుండా అత్తగారినీ పిల్లల్నీ కనిమెత్ తన ఇంటికి తీసుకుపోయాడు. తన ఫోను నీళ్ళలో పడిందని చెప్పి ఆమె ఫోను కూడా తీసేసుకున్నాడు. ఇక మిగిలింది ఆ లాప్‌టాపు.

"అన్న పంపిన కార్డు వచ్చి వారమైంది, మనిషిని పిలువు పిలువు అని ప్రాణం తీస్తంది," అన్నాడు కనిమెత్. "ఇవాళ నువ్వు పిలవకపోతే నేనే బస్సెక్కి నారిన్ పోతానంది. ఇంట్లోంచి అడుగు బయటపెడితే ఊళ్ళో ఎవరి మొహం చూసినా తెలిసిపోద్దన్నా. నువ్వొచ్చి విప్పు, చూడు, ఏదో చెప్పు. మావాళ్ళు వచ్చేదాకా అది పనిచెయ్యకూడదు."

"నేను బాగుచేసేవాణ్ణిరా."

"తెలుసు. అందుకే నిన్నైతే నమ్ముద్ది."

కారు ఆపమని దిగి నడిచిపోదామనిపించింది. కానీ మా వీధిలోనే ఒక ఇల్లాలికి పొయ్యి మీద పులుసు ఉడుకుతుండగా మొగుడి చావు తెర మీద తెలిసింది. ఇంట్లో ఇంకెవరూ లేరు. వట్టి కాళ్ళతో ఏటి గట్టుకి పరిగెత్తింది. ఇప్పటికీ ఎక్కడ లాప్‌టాపు మూత టప్పుమన్నా ఉలిక్కిపడి లేచి నిలబడుతుంది. ఆమె మొహం గుర్తొచ్చి కారులోనే కూర్చున్నాను.

బురుల్‌కి ముప్పై దాటి ఉండవు. కిటికీ కింద బల్ల తుడిచి, తెల్లగుడ్డ పరిచి, దీపం కూడా దగ్గర పెట్టి ఉంచింది. ముందు రొట్టె విరవమంది. మీగడ, జల్దారుపండ్ల జామ్, పాలు పోసిన టీ. నేను తింటుంటే రేకు డబ్బాలోంచి కార్డు తీసి ముందు పెట్టింది.

"పిల్లల సాక్సులో చుట్టి, మిఠాయిల మధ్య పెట్టి పంపారు మీ తమ్ముడు. మిఠాయిలు పెద్దోడు తినేశాడు, సాక్సు చిన్నదానికి సరిపోయింది, కార్డు మీకు మిగిలింది," అంది.

మా దగ్గర కోడలు భర్త పేరు పలకదు. ఎదుటివాడు తనకంటే పెద్దవాడైతే, ముక్కూ మొహం తెలియనివాడైనా సరే, మీ తమ్ముడు అనే అంటుంది. ఆ మాట నేను రోజూ వినేదే. ఆ రోజు మాత్రం చేతిలో రొట్టె పక్కన పెట్టేశాను.

కనిమెత్ కాసేపు బల్ల చివర కూర్చున్నాడు. కూర్చోలేక కట్టెలు కొడతానని పెరట్లోకి పోయాడు.

లాప్‌టాపును అందుకుంటూనే దాని ముందంచున ఉన్న మీటను బొటనవేలితో పక్కకి నెట్టేశాను. ఆ మీట కట్టేస్తే కార్డుకి లైను అందదు. ఇక ఎంత మంచి కార్డు వేసినా దండగే అనుకుని ధైర్యంగా తిరగేసి స్క్రూలు విప్పడం మొదలుపెట్టాను. విప్పిన ప్రతి స్క్రూనీ ఆమె అందుకుని, తెల్లగుడ్డ మీద అది ఏ మూల నుంచి వచ్చిందో ఆ మూలనే పెట్టింది. గుడ్డ మీద స్క్రూలతో లాప్‌టాపు ఆకారం వచ్చింది. నా దగ్గరికొచ్చే మగవాళ్ళెవరికీ అంత తెలివి ఉండదు.

చేతులు ఆన్చే పలక ఎత్తితే కింద పాత కార్డు కనపడింది. దానికి తగిలించిన రెండు సన్నని తీగలు, ఒకటి నలుపు, ఒకటి బూడిదరంగు. గోటితో లేపి విడదీశాను. కొత్త కార్డును ఏటవాలుగా దూర్చి నొక్కితే రెండు పక్కలా కొక్కాలు టిక్కుమన్నాయి. వెలిగించాను. నల్లటి తెర మీద తెల్లటి వరస ఒకటి వచ్చి ఆగిపోయింది. ఈ కార్డు నాకు ఒప్పుదల లేదు, తీసెయ్యి అని దాని సారాంశం.

నాకు ప్రాణం లేచొచ్చింది. అబద్ధమాడే అవసరం లేకుండా యంత్రమే అడ్డం తిరిగింది.

"ఇది కుదరదమ్మా. దీన్ని చేసినవాడు లోపల కొన్ని పేర్లు రాసి పెట్టాడు. ఆ పేరున్న కార్డునే రానిస్తది. పరాయిదాన్ని గడప తొక్కనివ్వదు."

"కొత్తల్లో మా అత్తయ్యలాగా," అని నవ్వింది బురుల్. "మీ తమ్ముడూ అదే చెప్పారు. మొదట కార్డు లేకుండా వెలిగించాలంట. అది పేర్లు చూసుకున్నాక, ఇదిగో ఈ బొత్తాం నొక్కి ఆపాలంట. అప్పుడు కార్డు గుచ్చి ముందుకి పోనివ్వాలంట. అక్కడి కొట్టువాణ్ణి అడిగి తెలుసుకున్నారు. కరెంటుండగా గుచ్చాలంటే నాకు భయమేసింది. లేకపోతే మిమ్మల్ని ఇంత దూరం రప్పించేదాన్నా?"

ఆ కిటుకు నాకు తెలియంది కాదు. నేను దాన్ని మొండి బేరగాళ్ళకి తప్ప బయటపెట్టను. తెలియనట్టు నటించడానికి మాత్రం నోరు రాలేదు. ఆమె చెప్పినట్టే ఆర్పి, కార్డు తీసి, వెలిగించి, ఆపి, మళ్ళీ గుచ్చాను. యంత్రం కిక్కురుమనకుండా కార్డును ఒప్పుకుంది. తీగలు మాత్రం తగిలించలేదు.

లైను లేదని తెర చెప్పింది. పోస్టాఫీసు కప్పు మీది డబ్బా నుంచి లైను వచ్చేది. ఆ కప్పు ఈ కిటికీలోంచే కనపడుతోంది. తీగలు వేలాడుతుంటే ఎక్కడిదైనా ఎలా అందుతుంది? తీగలు మూతలోంచి వస్తాయి, మూత కీలు దగ్గర నలిగి తెగి ఉంటాయి, నారిన్ తీసుకెళ్ళి మార్చాలి అన్నాను. లాప్‌టాపు నాతో వచ్చేస్తే ఈ ఇంటికి పట్టిన గండం గడుస్తుందనుకున్నాను.

బురుల్ తల అడ్డంగా ఊపింది. కీలు పోయిన ఎండాకాలంలోనే విరిగిందట. అప్పుడు ఆయన ఇంటికి వచ్చి ఉన్నాడు. ఈ కిటికీ దగ్గరే కూర్చుని కీలు మార్చి, తీగల మీద నీలం టేపు చుట్టాడట. తెగే మాటే లేదట. కావాలంటే విప్పి చూడమంది.

విప్పక తప్పలేదు. ఆమె దీపం ఎత్తి పట్టుకుంది. తెర చుట్టూ చట్రం ఊడదీశాను. కీలు పక్కన నీలం టేపు, పల్లెటూరి పనే, చుట్లు సమానంగా లేవు. కానీ టేపు చివర కొసని లోపలికి మడిచి ఉంది. అది చూసి నా చెయ్యి ఆగిపోయింది. ఆ మడత లేకపోతే కొస అతుక్కుపోతుంది, తర్వాత విప్పేవాడు గోళ్ళు విరగ్గొట్టుకోవాలి. ఇన్నేళ్ళుగా ఈ పనే చేస్తున్న నేనే సగంసార్లు మడవను.

"ఎందుకలా మడుస్తున్నారని అడిగా," అంది బురుల్. "రేపెవడో విప్పుతాడుగా, వాడు నన్ను తిట్టుకోకూడదు అన్నారు."

మడత పట్టుకుని లాగాను. టేపు సుళువుగా ఊడొచ్చింది. తీగలు చెక్కుచెదరలేదు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నేనాడిన ప్రతి అబద్ధానికీ ఆ పోయినవాడు ముందే సమాధానం చెప్పి పోయాడు. అతని మీద నాకు కోపం వచ్చింది. ఇంత జాగ్రత్త తెలిసినవాడివి పరంజా మీద కాలు చూసి వెయ్యొద్దటయ్యా అనుకున్నాను. టేపు మళ్ళీ చుట్టి కొస మడిచాను. ఆమె కళ్ళముందే తీగలు రెండూ కార్డుకి తగిలించాల్సి వచ్చింది.

అప్పుడే నూనె కాగిన వాసన లోపలికి వచ్చింది. బురుల్ తలెత్తింది. పోయినవాళ్ళ ఆత్మలకి వాసన అందాలని శుక్రవారాలు నూనె కాచి పిండి ముక్కలు వేయిస్తాం.

"ఇవాళ శుక్రవారం కాదుగా," అంది. "మా మరిది ఇంటి వైపు నుంచే వస్తంది."

చుట్టాలెవరో వచ్చి ఉంటారన్నాను. ఆమె కిటికీ వైపు చూసింది. కనిమెత్ లోపలికి వచ్చి, మంచు తోసే బండి కనుమ దిగిందట అని నాతో అన్నాడు. మంచు బండితో నీకేం పని అని వదిన అడిగింది. కట్టెల బండి రావాలన్నాడు.

"ఇంకా కట్టెలా? నా పెళ్ళికి కూడా ఇన్ని కొట్టలేదు నువ్వు," అంది.

అతను బయటికి పోయాడు. మళ్ళీ గొడ్డలి చప్పుడు మొదలైంది. బురుల్ దీపం కిందపెట్టి లాప్‌టాపు వైపు తిరిగింది. ఆ తిరగడంలో ఇందాకటి నవ్వు లేదు. త్వరగా తేల్చుకోవాలన్న పట్టుదల ఉంది.

అంతా సరిగ్గా ఉన్నా లైను రావడంలేదు. నేను తల గోక్కున్నాను, కార్డే చచ్చి ఉంటుందన్నాను. కొత్త కార్డులు కూడా చస్తాయన్నాను. ఉన్ని తివాచీల మీద నడిచిన చేత్తో ముట్టుకుంటే చిన్న మెరుపు పుట్టి కార్డు మాడుతుందని, మాది తివాచీల దేశం కదా అని ఏదేదో వాగాను. అందులో కొంత నిజమే. ఆమె వినడంలేదు. వంగి లాప్‌టాపు ముందంచును వేలితో తడుముతోంది.

"ఇక్కడో మీట ఉండాలి. మీ తమ్ముడే రెండుసార్లు మర్చిపోయారంట, తర్వాత నవ్వుకున్నారంట," అంటూ దాన్ని నెట్టింది.

పచ్చదీపం వెలిగింది. పోస్టాఫీసు లైను తెర మీదికి వచ్చింది. స్కైప్ దానంతటదే తెరుచుకుంది. ఇంకా నేనేమీ అనకముందే గంట మోగడం మొదలైంది.

తెర మీద జిర్గల్ పేరు. పక్కన అతని బొమ్మ, తెల్ల టోపీ, ఎండకి చిట్లించిన కళ్ళు. పిలుస్తున్నాడు. ఎవరు పిలుస్తున్నారో నాకు వెంటనే అర్థమైంది. అతనితో ఒకే గదిలో ఉండే కూలీలు, అతని లాప్‌టాపు తెరిచి, ఇంటివాళ్ళకి తెలిసిపోయే ఉంటుందనుకుని పలకరించబోతున్నారు. కెమెరా ముందు ఏడ్చిన మొహాలతో వరసగా కూర్చుని ఉంటారు.

"చూశారా అన్నా, వాసన పట్టినట్టు పిలిచేశారు," అంది బురుల్. తల గుడ్డ సర్దుకుంది. చెంప మీది వెంట్రుకలు లోపలికి తోసుకుంది. పిలుపు అందుకునే మీట నొక్కడానికి చెయ్యి చాపింది.

నేను కొక్కాలు విడదీసి, తీగలతో సహా కార్డును పీకేశాను.

గంట తెగిపోయి ఒకటే గీతలాంటి రొద వచ్చింది. జిర్గల్ బొమ్మ తెర మీద అలాగే గడ్డకట్టి నిలిచింది. బ్యాటరీ ఊడదీశాను. తెర నల్లబడింది. పెరట్లో గొడ్డలి చప్పుడు కూడా ఆగిపోయింది.

నడుస్తున్న యంత్రంలోంచి బాగుచేసేవాడెవడూ కార్డును అలా పీకడు. ఆ సంగతి ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. వచ్చినప్పటి నుంచీ నా చేతులనే చూస్తూ ఉంది. ఇప్పుడూ వాటినే చూస్తోంది. కార్డు ఇంకా నా వేళ్ళ మధ్యే ఉంది. మెల్లగా అడిగింది.

"మా నాన్న కూడా వస్తున్నాడా?"

నేను చెప్పకూడదు. తల వంచుకున్నాను. మనిషి దెబ్బ తగిలి ఆస్పత్రిలో ఉంటే కనుమ మీది మంచు తోయించి ముసలాయన్ని రప్పించరు. అది ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. బురుల్ అరవలేదు. తెల్లగుడ్డ మీద స్క్రూలను అరచేత్తో కప్పి అలా ఉండిపోయింది, అవి దొర్లిపోతాయేమో అన్నట్టు.

"ఇందాక పిలిచిందెవరు?"

"పక్కనున్నవాళ్ళయి ఉంటారమ్మా."

"అయితే ఒక్కళ్ళే లేరు," అంది. తర్వాత తనకి తానే ఇంకోసారి చెప్పుకుంది. "ఒక్కళ్ళే లేరు."

పోయినవాణ్ణి ఒంటరిగా వదలకూడదు, మట్టిలో పెట్టేదాకా ఎవరో ఒకరు పక్కన ఉండాలి. ఆ కబురులో ఆమె వెతుక్కుని పట్టుకోగలిగింది అదొక్కటే. నాకు కళ్ళు మసకబారాయి, సంచిలో ఏదో వెతుకుతున్నట్టు వంగాను.

"దాన్ని బిగించెయ్యండన్నా," అంది. "వచ్చేవాళ్ళు బల్ల మీద ఈ చెత్తంతా చూడకూడదు. నాకు తెలుసని ఎవరికీ చెప్పొద్దు. మా నాన్న మాటకారి కాదు. దారంతా ఆ నాలుగు మాటలూ కూడబలుక్కుంటూ వస్తుంటాడు."

బిగించాను. ఒక్కో స్క్రూ ఆమే వరస తప్పకుండా నా చేతికిచ్చింది. ఒక్కదాన్ని కూడా తప్పు చోటికి ఇవ్వలేదు. తప్పింది నా చెయ్యే. తర్వాత లేచి గుడ్డ దులిపింది, ఇల్లు ఊడ్చింది, వచ్చేవాళ్ళ కోసం బొంతలు పరిచింది, టీకి నీళ్ళు పెట్టింది. చెవి కమ్మల మీదికి చెయ్యి పోయింది. పెద్దలు చెప్పకముందే తియ్యకూడదని గుర్తొచ్చిందేమో, చెయ్యి దించేసింది. కనిమెత్ గుమ్మంలోకి వచ్చి మా ఇద్దర్నీ చూశాడు. కార్డు పనిచెయ్యలేదని చెప్పాను. అతను గోడకి ఆనుకుని ఊపిరి వదిలాడు. వదిన అతని వైపు చూడనేలేదు.

పొద్దు వాలుతుండగా వచ్చారు. ముందు ఇద్దరు ఆడవాళ్ళు, వెనక తెల్ల టోపీల పెద్దలు, వాళ్ళ మధ్య మోకాళ్ళదాకా మంచుతో చోరోబెక్. బురుల్ గుమ్మం దాకా పోయి వంగి దండం పెట్టింది.

"ఈ మంచులో ఎందుకొచ్చావు నాన్నా?" అంది.

ఆడవాళ్ళు ఆమెకి చెరోపక్కా కూర్చుని చేతులు పట్టుకున్నారు. చోరోబెక్ గొంతు సవరించుకున్నాడు. మంద ముందు నడిచే గుర్రం ఒకటుండేది తల్లీ అని మొదలుపెట్టాడు. పరాయి కొండల్లో మేతకి పోయింది, దారి జారుడుగా ఉంది అన్నాడు. పెదాలు ఆడుతున్నాయి, తర్వాతి ముక్క రావడంలేదు. పెద్దల్లో ఒకాయన అందుకోబోయాడు. బురుల్ వద్దన్నట్టు చూసి, తండ్రి మోకాలి మీద మంచు దులిపింది.

"చెప్పు నాన్నా," అంది. "నేను వింటున్నా."

ఆ ముసలాయన చెప్పాడు. ఆయన చివరి మాట దాకా ఆగి, అప్పుడు అరిచింది. ఆ అరుపు నటన కాదు. నా ముందు కూర్చుని అంతసేపు నోట్లో గుడ్డ కుక్కుకున్నట్టు దాన్ని ఆపి ఉంచింది. ఇద్దరు ఆడవాళ్ళు పట్టుకున్నా ఆగలేదు. ఇంకో ఇద్దరు వచ్చి పట్టుకున్నారు. కార్డు పీకి నేను ఆమెకి చేసింది మేలో కీడో ఇప్పటికీ తేలదు. ఆ చేతులు అక్కడున్నాయన్న మాట మాత్రం నిజం.

నేను సంచి భుజానేసుకుని బయటికొచ్చాను. శవాన్ని ఉంచడానికి పెరట్లో అప్పుడే తెల్ల గుడారం లేపుతున్నారు. కనిమెత్ చావింటి మగవాళ్ళ పద్ధతిలో నడుముకి గుడ్డ బిగించుకుని, కర్ర మీద ఒరిగి, వచ్చేవాళ్ళకి ఎదురుగా నిలబడ్డాడు. మా దగ్గర చావింటికి వచ్చే మగవాళ్ళు గేటు దగ్గరనుంచే పోయినవాణ్ణి పిలుస్తూ ఏడుస్తూ రావాలి. పరాయివాణ్ణి, పనికి వచ్చినవాణ్ణి, నన్ను ఎవరూ ఏడవమనరు. పక్కనుంచి దారి చూసుకుని పోతే అడిగేవాళ్ళు లేరు.

గేటు దాటాను. మళ్ళీ వెనక్కి తిరిగి, ఊళ్ళోవాళ్ళ వరసలో నిలబడ్డాను. జిర్గల్‌ని నేను బతికుండగా చూడలేదు. చూసింది అతను మడిచిన టేపు కొస ఒక్కటే. నా వంతు రాగానే తమ్ముడా, నా తమ్ముడా అని గొంతెత్తి ఏడ్చుకుంటూ ఆ ఇంటి వైపు నడిచాను.